ఉచ్చుకు గడియారం కట్టే చట్టాలు

ప్రశ్న: నేను లా చదువుతున్నాను. మూట్ కోర్టులో, అంటే లా విద్యార్థులు సాధన కోసం వాదించే నమూనా కోర్టులో, నాకు పడ్డ పక్షం ఇది: "అడవి జంతువులను పట్టేటప్పుడు వాటికి బాధ తక్కువ కలిగించే పద్ధతులే వాడాలని చట్టం చేయాలి." ఎదుటి జట్టు ఉచ్చుల మీద పూర్తి నిషేధం అడుగుతుంది. నాకు చిన్నప్పటి నుంచీ జంతువులంటే ప్రాణం. ఉచ్చు పెట్టుకో, కాకపోతే కాస్త జాలిగా పెట్టుకో అనే చట్టం తోళ్ళ వ్యాపారానికి గొడుగు పట్టడమే కదా అనిపిస్తోంది. నా స్నేహితురాలైతే "ఆ వైపు ఎలా నిలబడతావే?" అని మాట్లాడటమే మానేసింది. ఇలాంటి చట్టాల వల్ల నిజంగా ఏమైనా మేలు జరిగిందా? మనసు చంపుకోకుండా ఈ కేసు వాదించే దారి ఉందా?

సమాధానం:

మీ అనుమానంలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని మీరే ముందు ఒప్పుకుని మొదలుపెట్టండి. దాచిపెడితే ఎదుటి జట్టు దాన్ని బయటికి లాగడానికి ఎంతోసేపు పట్టదు.

అసలు కథ 1991 నవంబరులో మొదలైంది. జంతువు కాలు పెట్టగానే రెండు ఇనుప దవడలు టక్కున మూసుకుని కాలిని పట్టేసే ఉచ్చు ఉంటుంది. యూరప్ దేశాల కూటమి ఆ ఏడాది 3254/91 అనే నిబంధన తెచ్చి, 1995 నుంచి తమ గడ్డ మీద ఆ ఉచ్చు వాడకూడదంది. అంతటితో ఊరుకుంటే పెద్ద గొడవయ్యేది కాదు. ఆ ఉచ్చు వాడే దేశాల నుంచి బీవర్, తోడేలు, లింక్స్ వంటి 13 జాతుల తోళ్ళను కూడా రానివ్వబోమంది. అయితే అందులోనే ఒక వెసులుబాటు పెట్టింది. ఎగుమతి చేసే దేశం ఆ ఉచ్చును నిషేధించి ఉండాలి, లేదా అక్కడి పద్ధతులు అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణాలకు సరిపోవాలి. తమాషా ఏమిటంటే అలాంటి అంతర్జాతీయ ప్రమాణం అప్పటికి ఎక్కడా లేదు.

ఇక చూసుకోండి, కెనడా, రష్యా, అమెరికాలు లేచి కూర్చున్నాయి. ఇది వ్యాపారానికి అడ్డుగోడ అన్నాయి. దిగుమతి నిషేధం వాయిదా పడింది, చర్చలు సాగాయి. 1997-98లో యూరప్, కెనడా, రష్యాల మధ్య ఒప్పందం కుదిరింది. అమెరికాతో విడిగా ఒక అంగీకార పత్రం రాసుకున్నారు. రష్యా ఆమోదం కూడా పూర్తయి ఆ ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి 2008 జూలై అయింది. ఈలోగా ఆ మూడు దేశాల మీద దిగుమతి నిషేధం పడనే లేదు. జంతువు కోసం మొదలైన మాట తోళ్ళ రవాణా ఆగకుండా చూసే మాటగా మారింది. మీ స్నేహితురాలి కోపానికి ఆధారం ఇక్కడుంది.

కానీ ఆ బేరం నడుస్తుండగా అంతకుముందు ఎవరూ పట్టించుకోని పని ఒకటి జరిగింది. ప్రభుత్వాలు కూర్చుని జంతువు బాధను కొలిచి అంకె వేయాల్సి వచ్చింది. ఆ ఒప్పందంలో 19 జాతులున్నాయి. చంపే ఉచ్చు పడ్డాక జంతువుకు స్పృహ పోవడానికి పట్టే సమయానికి పరిమితి పెట్టారు. స్టోట్ అనే చిన్న వేటజంతువుకు 45 సెకన్లు, తోలు కోసం పట్టే మార్టెన్, సేబుల్ అనే చిన్న జంతువులకు 120 సెకన్లు, మిగతావాటికి 300 సెకన్లు. కంటి నల్లగుడ్డును తాకినా రెప్ప కదలకపోతే స్పృహ పోయినట్టు లెక్క. కనీసం 12 జంతువుల మీద పరీక్షించి, వాటిలో 80 శాతం ఆ గడువులోపు స్పృహ కోల్పోతే ఉచ్చు పాసైనట్టు. ఇది పరీక్షాశాలలో, జంతువులను బలిపెట్టి తేల్చే లెక్క. అలా బలయ్యే జంతువుల సంఖ్య తగ్గించడానికే కెనడాలోని వెగ్రెవిల్ పరిశోధన కేంద్రంలో పాత పరీక్షల సమాచారంతో కంప్యూటర్ నమూనాలు తయారుచేశారు. ఉచ్చు దెబ్బ ఎంత బలంగా పడుతుంది, పడ్డాక ఎంత గట్టిగా నొక్కుతుంది అన్న కొలతలు ఇస్తే పాసవుతుందో లేదో ఆ నమూనా చెబుతుంది.

300 సెకన్లంటే ఐదు నిమిషాలు. మెడ మీదో ఛాతీ మీదో ఉక్కు కడ్డీ నొక్కుతుండగా ఒక జంతువు ఐదు నిమిషాల దాకా స్పృహలో ఉన్నా, ఆ ఉచ్చుకు ధ్రువపత్రం వస్తుందన్నమాట. పన్నెండింటిలో రెండింటికి అంతకన్నా ఎక్కువ పట్టినా వస్తుంది. నా మటుకు నేను ఈ అంకెను సమర్థించలేను, మీరు కూడా సమర్థించే ప్రయత్నం చేయకండి. 2004లో యూరోపియన్ కమిషన్ ఇదే ఒప్పందాన్ని యూరప్ చట్టంగా మార్చబోతే, ఈ పరిమితులు మరీ వదులుగా ఉన్నాయని జంతు సంక్షేమ సంఘాలు పోరాడాయి. 2005లో యూరోపియన్ పార్లమెంటు ఆ ప్రతిపాదనను తిప్పికొట్టింది.

మరి ఇంత వదులు ప్రమాణం తరఫున ఏం మాట్లాడను అంటారా? అంకె రాసి ఉన్నందువల్లే కదా పార్లమెంటులో దాన్ని పట్టుకుని కడిగేశారు. అంకే లేని చట్టాన్ని పట్టుకోవడం చాలా కష్టం. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 తీసుకోండి. దాని నిర్వచనం ప్రకారం బోను పెట్టడం, ఉచ్చు వేయడం, ఎర చూపడం అన్నీ వేటే, ఆ ప్రయత్నం చేసినా వేటే. మౌలికంగా అది నిషేధ చట్టం. అధికారుల అనుమతితో జంతువును పట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం, దానికి అతి తక్కువ ఆఘాతం కలిగేలా పట్టాలని 11వ సెక్షన్ వివరణ చెబుతుంది. మంచి మాటే. ఎన్ని నిమిషాలు, ఏ గాయం అయితే తప్పు అన్న కొలత ఆ సెక్షన్‌లో లేదు. బోనులో పళ్ళు విరగ్గొట్టుకున్న చిరుతను చూపించి ఇది అతి తక్కువ ఆఘాతమేనా అని అడిగితే, అవునని ఒకరు, కాదని ఒకరు వాదిస్తూ పోవచ్చు.

రాసిన అంకె ఏం చేయగలదో ఇంగ్లండ్‌లో చూడొచ్చు. ఫెన్ ట్రాప్ అని అక్కడ దశాబ్దాల పాటు వాడిన స్ప్రింగు ఉచ్చు ఉంది. స్టోట్‌ను 45 సెకన్లలో స్పృహ తప్పించలేదని తేలింది కాబట్టి 2020 ఏప్రిల్ 1 నుంచి స్టోట్‌ను పట్టడానికి దాన్ని వాడటం నేరమైంది. అదే ఉచ్చుతో ఎలుకను పడితే మాత్రం తప్పు లేదు, ఎందుకంటే ఒప్పందంలోని 19 జాతుల్లో ఎలుక లేదు. ఎలుకకు నొప్పి తక్కువని ఎవరూ నిరూపించలేదు. దాని తోలుకు బజారు లేదు, అంతే. ఎదుటి జట్టు ఈ సంగతి ఎత్తకముందే మీరు ఎత్తండి. జాబితా తోళ్ళ లెక్కన తయారైంది, దాన్ని నొప్పి లెక్కన మార్చాలి అనండి. మీ పక్షం అక్కడ బలపడుతుంది.

ప్రాణంతో పట్టే ఉచ్చుల సంగతి ఇంకో రకం. వీటికి సెకన్ల లెక్క పెట్టలేదు, గాయాల పట్టిక పెట్టారు. ఎముక విరగడం, స్నాయువు తెగడం, కాలికి రక్తం ఆగిపోవడం, కన్ను చిరగడం, లోపలి అవయవాలు దెబ్బతినడం, తన కాలు తానే కొరుక్కుని తీవ్రంగా గాయపడటం, పన్ను విరిగి లోపలి గుజ్జు బయటపడటం, దేనికీ స్పందించకుండా బిగుసుకుపోవడం, ఇలా సాగుతుంది. కనీసం 20 జంతువులను పరీక్షిస్తే 80 శాతంలో వీటిలో ఏ ఒక్కటీ కనబడకూడదు. ఈ పట్టికను ఒకసారి నిదానంగా చదవండి. ఇనుప దవడల ఉచ్చు అడవిలో ఏం చేస్తుందో ఎవరి వర్ణనా అక్కర్లేకుండా దాన్నిబట్టే తెలిసిపోతుంది. దవడలకు రబ్బరు తొడగడం, గొలుసు మెలిపడకుండా తిరిగే లంకెలు పెట్టడం, తేలికపాటి జంతువు తొక్కితే పేలకుండా పలక బిగువు సరిచేయడం వంటి మార్పులన్నీ ఈ పట్టికలోని ఒక్కో గాయాన్ని తప్పించడానికి వచ్చినవే.

వాదనలో మీరు అసలు బలం పెట్టాల్సిన చోటు మాత్రం వేరే ఉంది. ఈ చట్టాలన్నిటిలోంచి ఒక్క నిబంధన ఎంచుకోమంటే నేను పరికరం గురించిన దాన్ని ఎంచుకోను. పెట్టిన ఉచ్చును ఎన్ని గంటలకొకసారి వెళ్ళి చూడాలి అన్న నిబంధనను ఎంచుకుంటాను. పత్రికలు, ప్రచారాలు అన్నీ ఉచ్చు ఆకారం చుట్టూ తిరుగుతాయి. ఈ గంటల సంగతి ఎవరికీ పట్టదు.

బోనునే తీసుకుందాం. చూడటానికి దానంత సాధువైన ఉచ్చు లేదు. పళ్ళు లేవు, స్ప్రింగు దెబ్బ లేదు, తలుపు పడుతుంది, అంతే. లోపల పడ్డ జంతువు తీగలను కొరుకుతుంది, ముక్కుతో తోసి తోసి చర్మం ఊడగొట్టుకుంటుంది. వానపడితే తడుస్తుంది, ఎండ కాస్తే నీడ ఉండదు, నీళ్ళుండవు. పాలిచ్చే తల్లి అయితే పొదలో పిల్లలు ఎదురుచూస్తుంటాయి. భయంతో, పెనుగులాటతో కండరాలు దెబ్బతిని, వదిలేశాక కొన్ని రోజులకు చనిపోయే స్థితి ఒకటుంది. పశువైద్యులు దాన్ని క్యాప్చర్ మయోపతి అంటారు. పట్టినవాడి కళ్ళ ముందు జంతువు పరుగెత్తి వెళ్ళిపోతుంది. అతని లెక్కలో అది క్షేమం. ఇవన్నీ గంటలతోపాటు పెరిగే బాధలు. రెండు గంటల్లో తెరిచిన బోను, రెండు రోజులకు తెరిచిన బోను పరికరంగా ఒకటే, జంతువుకు ఒకటి కాదు.

చట్టాలు ఇక్కడ ఎంత తేడాగా ఉన్నాయో గమనించండి. కుందేళ్ళకు పెట్టిన స్ప్రింగు ఉచ్చులను పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేలోపు రోజుకు ఒకసారైనా చూసి తీరాలని బ్రిటన్ 1911లోనే రాసుకుంది. న్యూజిలాండ్ జంతు సంక్షేమ చట్టం, 1999 ప్రాణంతో పట్టే ఉచ్చును ప్రతిరోజూ సూర్యోదయం తర్వాత 12 గంటల్లోపు చూడాలంటుంది. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. చాలాచోట్ల 24 గంటలు, కొన్నిచోట్ల అంతకు రెండు మూడు రెట్లు. అలాస్కాలో రాష్ట్రమంతటికీ వర్తించే తప్పనిసరి గడువే లేదు. అలాంటి చోట ఎంత గొప్ప ధ్రువపత్రం ఉన్న ఉచ్చు పెట్టినా ఏం లాభం? పరీక్షలో దాన్ని కొంత గడువు పెట్టి పరీక్షించారు. అడవిలో ఆ గడువుకు పూచీ ఎవరూ లేరు.

ఉచ్చులవాళ్ళ వైపు నుంచి వచ్చే జవాబు కూడా న్యాయంగా వినండి. మంచులో, రోడ్డు లేని చోట, పదుల కిలోమీటర్ల పొడవునా ఉచ్చుల వరుస పెట్టుకునేవాడికి రోజూ తిరిగి రావడం కుదరదంటారు. నిజమే, కుదరదు. అయితే తిరగగలిగినన్ని ఉచ్చులే పెట్టాలి. లేదా తలుపు పడగానే సంకేతం పంపే పరికరం అమర్చుకోవాలి, అవి ఇప్పుడు దొరుకుతున్నాయి. ఒకడి వరుస పొడవు మరో ప్రాణి ఎన్ని గంటలు ఇరుక్కుని ఉండాలో నిర్ణయించడం ఏ లెక్కనా కుదరదు. ఈ మాట మీరు అనగానే, పూర్తి నిషేధం అడిగే జట్టు కూడా మీతో తల ఊపక తప్పదు.

ఇక నిషేధం సంగతి. న్యాయమూర్తి మిమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఇదే: ఇంత బాధ ఉందని మీరే చెబుతున్నారు, మరి మొత్తం ఆపేయమని ఎందుకు అడగరు? దీనికి కాలిఫోర్నియా కథ దగ్గర పెట్టుకోండి. 1998లో అక్కడి ఓటర్లు ప్రపోజిషన్ 4 అనే ప్రజా ప్రతిపాదనను నెగ్గించి, కాలిని పట్టే దవడల ఉచ్చును దాదాపు పూర్తిగా నిషేధించారు, ప్రభుత్వ సిబ్బందితో సహా. ఆ నిషేధం మీద కోర్టుకెక్కిన వాళ్ళలో నేషనల్ ఆడుబాన్ సొసైటీ ఉంది. అది పక్షుల సంరక్షణ సంస్థ! సముద్రతీరపు బురదనేలల్లో గూడు పెట్టే, అంతరించిపోయే దశలో ఉన్న క్లాపర్ రైల్ వంటి పక్షులను బయటినుంచి వచ్చిపడ్డ ఎర్ర నక్కలు తినేస్తున్నాయి. ఆ నక్కలను పట్టడానికి వన్యప్రాణి శాఖ వాడేది ఈ ఉచ్చులనే. అంతరించిపోతున్న జాతులను కాపాడే సమాఖ్య అధికారుల పనికి ఆ నిషేధం అడ్డురాదని 2002లో అప్పీలు కోర్టు తేల్చింది. నక్కకు జాలి చూపితే పక్షికి చావు, పక్షిని కాపాడితే నక్కకు ఉచ్చు. ఇలాంటి చోట నిషేధం జవాబు ఇవ్వలేదు. ఏ ఉచ్చు, ఎన్ని గంటలు, ఎవరి చేతిలో అని చెప్పే చట్టమే ఇవ్వగలదు.

న్యూజిలాండ్‌ది ఇంకా పెద్ద లెక్క. ఎగరలేని పక్షులున్న ఆ దీవుల్లో స్టోట్‌లు, ఎలుకలు, పాసమ్‌లు లేకుండా చేయాలని 2050 గడువుగా 2016లో ప్రభుత్వమే ప్రకటించింది. అంత పెద్ద ఎత్తున ఉచ్చులు పెట్టక తప్పనప్పుడు ఉచ్చు నాణ్యత చిన్న విషయం కాదు. అక్కడి సంరక్షణ శాఖ తయారుచేయించిన డాక్ 200 ఉచ్చును చెక్క సొరంగంలో, దారిలో వలతెరలు అడ్డుపెట్టి అమరుస్తారు. స్టోట్ లోపలికి దూరి వెళ్ళి సరైన చోట తొక్కాలి, ఎగరలేని కివి పక్షి ముక్కు మాత్రం లోపలికి అందకూడదు. అనుకోని జంతువు పడకుండా చూడటం కూడా ఈ చట్టాల్లో సగం పని.

అలాగని నిషేధం మీ శత్రువు కాదు, ఆ గుంటలో పడకండి. కొలత పెట్టాక ఎంతకీ పాస్ కాని పరికరాలు కొన్ని తేలుతాయి, వాటిని నిషేధించాల్సిందే. పళ్ళున్న గిన్ ట్రాప్‌ను బ్రిటన్ 1954 చట్టంతో పక్కనపెట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1958 నుంచి అది బందయింది. అప్పటినుంచి అక్కడ ఆమోదం పొందిన స్ప్రింగు ఉచ్చులే వాడాలి. జిగురు అట్ట కూడా ఈ బాపతే. అందులో అంటుకున్న ఎలుక గంటల తరబడి తన చర్మాన్ని తానే పీక్కుంటుంది. దాన్ని సంస్కరించడానికి ఏమీ లేదు. న్యూజిలాండ్ 2015లో ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప వాడొద్దంది. వేల్స్ 2023లో తీగ ఉచ్చులతో కలిపి నిషేధించింది. ఇంగ్లండ్‌లో 2024 జూలై 31 నుంచి లైసెన్సు లేకుండా వాడితే నేరం. ఈ నిషేధాలన్నీ మీ వాదనలో భాగమే అని చెప్పండి.

పట్టుకున్నాక ఏం చేయాలన్నది చట్టం రాయకపోతే మిగతాదంతా దండగ. దూరంగా తీసుకెళ్ళి వదిలేస్తే పుణ్యం అనుకుంటారు చాలామంది. 1970ల చివర్లో అమెరికా ఆగ్నేయ ప్రాంతం నుంచి వేట కోసం తరలించిన రకూన్లతో రేబిస్ కొత్త ప్రాంతానికి చేరి తూర్పు తీరమంతా పాకింది. బ్రిటన్‌లో బోనులో పడ్డ బూడిదరంగు ఉడుతను తిరిగి వదలడం చట్టవిరుద్ధం. అంటే ప్రాణంతో పట్టే బోను పెట్టినవాడే దాన్ని చంపాల్సి వస్తుంది, ఎలా చంపాలో అతనికి తెలిసి ఉండాలి. శిక్షణ, లైసెన్సు ఉండాలన్న డిమాండు ఇక్కడినుంచి సహజంగా వస్తుంది.

మీ స్నేహితురాలి సంగతికి వస్తే, ఆమెను బతిమాలకండి, పనిలోకి దింపండి. మూట్‌కు ముందు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయమనండి. 300 సెకన్ల మీద మొదలుపెట్టమనండి. "ఆ అంకె తప్పు, తగ్గించాలి, జాబితాలో ఎలుకనూ చేర్చాలి, తనిఖీ గడువు 24 గంటలు దాటకూడదు, పాస్ కానివి నిషేధించాలి" అని తడుముకోకుండా చెప్పగలిగేదాకా సాధన చేయండి. ఆ తర్వాత కూడా ఆమె నిషేధమే కావాలంటే అననివ్వండి. అలాంటివాళ్ళు గట్టిగా అడిగినందుకే 1991లో ఆ నిబంధన వచ్చింది. ముసాయిదాలో మాత్రం తనిఖీ నిబంధన దగ్గర "సహేతుకమైన వ్యవధిలో" అని రాసి వదిలేయకండి. గంటల అంకె వేయండి, దాటితే శిక్ష ఏమిటో దాని కిందే రాయండి.